చలిని తట్టుకుంటే చాలదు: వెచ్చని నగరాలకు తగిన చెట్టును ఎంచుకోవడం ఎలా?

తొలకరితో మొక్కలు నాటే కాలం మొదలవుతుంది. ఇళ్ల ముంగిళ్లలో, కాలనీ ఉద్యానవనాలలో, రహదారుల వెంట ఏ చెట్టు నాటాలన్న ప్రశ్న ఏటా తలెత్తుతుంది. ఈ ప్రశ్నకు జవాబుగా ఇటీవల ఒక సంఖ్య తరచుగా కనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో మొక్కలు అమ్మే సంస్థల వివరాలలో, అలంకార వృక్షాల చీటీలపైన 'జోన్ 10', 'జోన్ 9 నుంచి 11 వరకు' అన్న మాటలు ముద్రిస్తున్నారు. అమెరికాలో రూపొందిన 'హార్డీనెస్ జోన్' పద్ధతి నుంచి వచ్చిన సంఖ్యలివి.

ఈ సంఖ్య ఒకే ఒక్క ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఈ చెట్టు ఇక్కడి చలికాలాన్ని దాటి బతుకుతుందా అన్నదే ఆ ప్రశ్న. దక్షిణ భారత మైదానాలలో చలికి చచ్చిపోయే చెట్లు బహు తక్కువ. ఇక్కడ చెట్లను కూల్చేవి వేరే ఉన్నాయి. మే నెల ఎండ, నెలల తరబడి వాన లేకపోవడం, తుపాను గాలి, సముద్రపు ఉప్పు, మట్టి కింద రాయి, మొదలు చుట్టూ సిమెంటు, తల మీద విద్యుత్ తీగ. వీటిలో ఏ ఒక్కదాని గురించీ ఆ సంఖ్య ఏమీ చెప్పదు.

సంఖ్య వెనుక ఉన్న కొలత

అమెరికా వ్యవసాయ శాఖ మొట్టమొదటి హార్డీనెస్ జోన్ పటాన్ని 1960లో ప్రచురించింది. ఒక ప్రాంతంలో ఏడాది మొత్తంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతను తీసుకుని, అనేక సంవత్సరాలకు సగటు కడతారు. ఆ సగటును బట్టి ప్రాంతాలను 13 మండలాలుగా విభజిస్తారు. ఒక్కో మండలం వెడల్పు 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 5.6 డిగ్రీల సెల్సియస్. ప్రతి మండలాన్నీ 'ఎ', 'బి' అని మళ్లీ రెండు సగాలు చేస్తారు.

ఈ లెక్కన 9వ మండలంలో ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రత సగటున మైనస్ 6.7 నుంచి మైనస్ 1.1 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 10వ మండలంలో అది మైనస్ 1.1 నుంచి 4.4 వరకు, 11వ మండలంలో 4.4 నుంచి 10 వరకు, 12వ మండలంలో 10 నుంచి 15.6 డిగ్రీల వరకు ఉంటుంది. చివరి పటం 2023 నవంబరులో వెలువడింది. 1991 నుంచి 2020 వరకు గల 30 ఏళ్ల ఉష్ణోగ్రతలు దానికి ఆధారం. 2012 నాటి పటంతో పోలిస్తే అమెరికాలో దాదాపు సగం భూభాగం అర మండలం మేర వెచ్చని వైపునకు జరిగింది.

అధికారిక పటం అమెరికాకే పరిమితం. అయితే అదే కొలతను భారతీయ నగరాలకు అన్వయిస్తే ఢిల్లీ సుమారుగా 10వ మండలంలోకి వస్తుంది. హైదరాబాద్ 11, 12 మండలాల సరిహద్దు దగ్గర నిలుస్తుంది. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాలు ఇంకా పై సంఖ్యలకు చేరుతాయి. హిమాలయ సానువుల్లోనో, నీలగిరుల వంటి ఎత్తైన చోట్లనో తప్ప మంచు గడ్డకట్టే చలి అన్నది దేశంలో ఎక్కువ నగరాల సమస్య కాదు.

ఒకే సంఖ్య, రెండు లోకాలు

ఈ కొలత పరిమితి ఎంతటిదో రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న మయామీ 11వ మండలంలో ఉంది. చలి లెక్కన హైదరాబాద్‌కు అది దగ్గరి చుట్టమే. అయితే మయామీ చరిత్రలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37.8 డిగ్రీలు మాత్రమే. అది 1942లో నమోదైంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. మయామీలో ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. హైదరాబాద్‌లో కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అందులోనూ అధికభాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడిపోతుంది.

అందువల్ల మయామీ వీధిలో పచ్చగా ఎదిగే చెట్టు అదే సంఖ్యను నమ్ముకుని దక్కన్ పీఠభూమికి వస్తే మొదటి వేసవిలోనే వాడిపోవచ్చు. నిత్యం నీరు పోయగలిగితే బతకవచ్చు. కానీ వీధి చెట్టుకు పదేళ్ల పాటు ఎవరు నీరు పోస్తారన్నది వేరే ప్రశ్న.

ఈ లోటును అమెరికన్ ఉద్యాన నిపుణులు కూడా గుర్తించారు. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడి మండలాల పటాన్ని వెలువరించింది. ఏడాదిలో ఎన్ని రోజులు ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటుతుందన్నది దానిలోని కొలమానం. అలాంటి రోజు ఏడాదికి ఒక్కటైనా లేని ప్రాంతం నుంచి 210 రోజులకు పైగా ఉండే ప్రాంతం వరకు 12 మండలాలు అందులో ఉన్నాయి. తెలుగు నేలలో చాలా ప్రాంతాలు ఆ పటంలోని చివరి మెట్ల దగ్గరే నిలుస్తాయి. కానీ మొక్కల చీటీలపై ఈ రెండో సంఖ్య అరుదుగా కనిపిస్తుంది.

మొదటి సంఖ్య కూడా సగటే గాని హామీ కాదు. టెక్సాస్‌లోని డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవమైన విషయం. ఆ ప్రాంతం 8వ మండలంలో ఉంది. 2021 ఫిబ్రవరి 16న అక్కడి విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. మండలపు సగటు హద్దు కంటే అది ఎంతో కింద. కరివేపాకు, మునగ వంటి మొక్కలను అక్కడివారు కుండీల్లో పెంచి చలికాలంలో ఇంట్లోకి చేర్చడానికి కారణం ఇదే.

బతికే చెట్టు, తగిన చెట్టు

బతకడం ఒక్కటే కొలమానమైతే ఏమవుతుందో కోనోకార్పస్ ఉదంతం చెబుతుంది. ఈ చెట్టు వేడిని, ఉప్పు నేలను, నీటి కొరతను తట్టుకుంటుంది. కొమ్మ ముక్క నుంచే మొలుస్తుంది. శరవేగంగా పెరుగుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. గల్ఫ్ నగరాలలో, పాకిస్తాన్‌లోని కరాచీలో, ఆ తరువాత భారత నగరాలలో రహదారి విభాజకాల మీద, పార్కుల అంచున దీనిని విస్తారంగా నాటారు.

కొన్నేళ్లకే ఫిర్యాదులు మొదలయ్యాయి. వేళ్లు నీటి గొట్టాల్లోకి, మురుగు కాల్వల్లోకి చొచ్చుకుపోతున్నాయని, పుప్పొడి వల్ల శ్వాస సంబంధ అలర్జీలు వస్తున్నాయని ఆరోపణలు వచ్చాయి. తెలంగాణ 2022లో, గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో ఈ చెట్టును నాటడంపై ఆంక్షలు విధించాయి. ఆరోగ్యంపై దాని ప్రభావం ఎంతన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయినా ఒక విషయం స్పష్టం. బతుకుతుందా అన్న పరీక్షలో ఈ చెట్టుకు నూటికి నూరు మార్కులు వచ్చాయి. వేళ్లు ఎటు పోతాయి, పువ్వు ఎవరికి పడదు, పిట్టకు పురుగుకు ఏమి పెడుతుంది అన్న ప్రశ్నలను నాటేటప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు.

దేశీయ చెట్టు అయితే చాలు అనుకోవడమూ తొందరపాటే. ఏడాకుల పాల భారత ఉపఖండానికి చెందినదే. పశ్చిమ బెంగాల్‌కు అది రాష్ట్ర వృక్షం. ఒకటి రెండు చెట్లుంటే శరత్కాలపు రాత్రులలో దాని పూల పరిమళం ఆహ్లాదంగానే ఉంటుంది. ఒకే వీధిలో వరుసగా వందల చెట్లు నాటినప్పుడు ఆ వాసనే భరించలేనిదవుతుంది. విశాఖపట్నం సహా అనేక నగరాలలో నివాసులు దీనిపై ఫిర్యాదు చేశారు. చెట్టు తప్పేమీ లేదు. సంఖ్య, చోటు తప్పాయి.

మొదటి ప్రశ్న: వేసవిలో నీరెక్కడిది?

దక్కన్ పీఠభూమిలో చెట్టుకు అసలు పరీక్ష ఫిబ్రవరిలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. వేప, కానుగ, చింత, నెమలినార, రేల, మోదుగ, జమ్మి వంటివి తరతరాలుగా ఈ పరీక్షను ఎదుర్కొన్న జాతులు. వీటిలో చాలావాటి వేళ్లు లోతుగా దిగుతాయి. కొన్ని ఆకు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటాయి. జమ్మి తెలంగాణకు, వేప ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర వృక్షాలు కావడం కేవలం సెంటిమెంటు కాదు. ఈ నేలకు అవి ఎంత చేరువో ఆ ఎంపిక చెబుతుంది.

నీడ కోసం నాటేవారు ఆకు రాలే కాలాన్ని కూడా చూడాలి. మోదుగ పూసే వేళకు కొమ్మలు దాదాపు బోసిగా ఉంటాయి. రేల కూడా ఎండలు ముదిరే వేళకు ఆకు తగ్గించుకుని పూస్తుంది. కంటికి పండుగే గాని, బస్టాపు పక్కన నిలబడేవారికి నీడ దక్కదు. కానుగ ఇందుకు భిన్నం. పాత ఆకు రాల్చి ఉగాది నాటికి లేత ఆకు తొడుగుతుంది. ఎండ ముదిరే ఏప్రిల్, మే నెలలకు దాని గొడుగు నిండుగా ఉంటుంది. వేప కూడా ఇంచుమించు అంతే. రహదారుల వెంట ఈ రెండింటిని పాతకాలం నుంచి నాటుతూ రావడం వెనుక ఈ లెక్క ఉంది.

ఢిల్లీ మరొక పాఠం నేర్పుతుంది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కొత్త రాజధానిని నిర్మించినప్పుడు ప్రధాన రహదారుల వెంట నేరేడు, వేప, చింత, తెల్లమద్ది వంటి చెట్లను ఎంపిక చేశారు. మండు వేసవిలో నీడనిచ్చే చెట్లు కావాలన్నది నాటి ఆలోచన. వందేళ్ల తరువాత కూడా ఆ నీడ నిలిచే ఉంది. అయితే నేరేడు, తెల్లమద్ది సహజంగా వాగుల ఒడ్డున పెరిగే చెట్లు. నీరు అందే చోట అవి అద్భుతంగా ఎదుగుతాయి. భూగర్భ జలం అడుగంటిన కాలనీలో అదే ఫలితాన్ని ఆశించడం కుదరదు. చెరువు గట్టున, వాననీరు నిలిచే పల్లంలో తెల్లమద్ది నాటవచ్చు. రాతి గుట్ట మీద దానికి బదులు రేలకో నెమలినారకో చోటివ్వడం మేలు.

రెండో ప్రశ్న: గాలి ఎటు నుంచి?

తీరప్రాంతంలో లెక్క మారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. నగరం తన చెట్లలో పెద్ద భాగాన్ని ఒక్క రోజులో కోల్పోయింది.

వేగంగా పెరిగే చెట్టు కలప సాధారణంగా మెత్తగా ఉంటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన ఎర్ర తురాయి, అమెరికా ఖండాల నుంచి వచ్చిన నిద్రగన్నేరు నీడకు, అందానికి పేరుపొందాయి. కానీ ఎర్ర తురాయి వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు. నిద్రగన్నేరు కొమ్మలు అడ్డంగా చాలా దూరం చాస్తుంది. విశాలమైన మైదానంలో ఈ రెండూ శోభిస్తాయి. ఇరుకు వీధిలో, వాహనాలు నిలిపే చోట ఇవే ప్రమాదకరమవుతాయి.

గాలితో పాటు తీరంలో ఉప్పు తేమ ఒకటి. పొన్న, గంగరావి, బాదం, కానుగ సముద్రతీరానికి అలవాటుపడినవి. కొబ్బరి, తాడి గాలికి వంగి తిరిగి నిలబడగలవు. అలాగని కాయలు తల మీద పడే చోట కొబ్బరిని నాటడం తగదు. ప్రతి ఎంపికలోనూ చెట్టు గుణంతో పాటు దాని కింద నడిచే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడో ప్రశ్న: కింద ఏముంది, పైన ఏముంది?

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. లేత వేళ్లు ఆ బీటల్లో తెగిపోతాయి. ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది. నగరాలలో చాలాచోట్ల అసలు నేల కంటే ఇటుక ముక్కలు, నిర్మాణ వ్యర్థాలే ఎక్కువ. గుంత తవ్వినప్పుడు ఏమి బయటపడిందో చూసిన తరువాత జాతిని ఖరారు చేయడం ఉత్తమం.

పైన తీగలున్న చోట పెద్ద చెట్టు నాటితే ఏటా దాని తల నరుకుతారు. ఒక పక్క మాత్రమే నరికిన చెట్టు బరువు రెండో వైపునకు ఒరిగి, గాలివానలో అటే కూలుతుంది. తీగల కింద దేవకాంచనం, పారిజాతం వంటి చిన్న చెట్లు సరిపోతాయి. పొగడకు నిలువెత్తు చోటు, మర్రికి, రావికి మైదానమంత చోటు కావాలి. ప్రహరీని ఆనుకుని రావి నాటితే కొన్నేళ్లకు చెట్టో గోడో ఒక్కటే మిగులుతుంది.

మొదలు చుట్టూ సిమెంటు పోయడం చెట్టుకు ఊపిరి ఆపడమే. నీరు, గాలి వేళ్లకు అందవు. చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఆ ఆదేశం ఢిల్లీకి సంబంధించినదే అయినా అందులోని సూత్రం అన్ని ఊళ్లకూ వర్తిస్తుంది.

అన్నీ వేపలే అయితే?

తగిన చెట్టు దొరికిందని వీధి నిండా అదే నాటడం మరో చిక్కు. ఇటీవలి సంవత్సరాలలో తెలంగాణలోనూ, పొరుగు రాష్ట్రాలలోనూ వేప చెట్ల కొమ్మలు చివరల నుంచి ఎండిపోవడం జనం కళ్లారా చూశారు. ఒక శిలీంధ్రం కారణంగా వచ్చే ఎండు తెగులు ఇది. చాలా చెట్లు తిరిగి చిగురించాయి. కానీ వేపలు మాత్రమే ఉన్న వీధులు కొంతకాలం మోడువారి కనిపించాయి.

అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమూర్ 1990లో ఇందుకు ఒక సులభ సూత్రం సూచించారు. ఒక నగరపు చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతానికి మించకూడదు, ఒకే ప్రజాతికి చెందినవి 20 శాతానికి, ఒకే కుటుంబానికి చెందినవి 30 శాతానికి మించకూడదు. ఇది శాసనం కాదు గాని, కాలనీ సంఘానికైనా పురపాలక సంఘానికైనా మంచి కొలబద్ద. 100 మొక్కలు నాటాలనుకుంటే కనీసం 10 జాతులు వెతకాలన్నది దాని సారం.

కుండీలో చూడవలసినవి

జాతి కుదిరిన తరువాత మొక్కను పరీక్షించాలి. సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోతాయి. నాటిన తరువాత కూడా అవి అలాగే తిరుగుతూ కొన్నేళ్లకు మొదలునే బిగిస్తాయి. సంచి అడుగు నుంచి లావు వేరు బయటకు వచ్చిన మొక్కను వదిలేయడం మంచిది. అన్నిటికంటే ఎత్తైన మొక్క అన్నిటికంటే మంచిది కానక్కరలేదు. ఎత్తుకు తగిన కాండపు లావు, నిటారు నిలువు ముఖ్యం.

గుంత లోతు కంటే వెడల్పు ప్రధానం. కాండం వేరుగా మారే చోటు నేల మట్టానికి ఉండాలి. మట్టిలో లోతుగా పూడిస్తే ఆ భాగం కుళ్లుతుంది. దక్కన్ నేలల్లో కరువును తట్టుకునే జాతులకు కూడా మొదటి రెండు మూడు వేసవులు నీరు తప్పదు. రోజూ కొద్దికొద్దిగా పోయడం కంటే కొన్ని రోజులకు ఒకసారి లోతుగా తడపడం వేళ్లను కిందికి నడిపిస్తుంది. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. ఊతకర్రకు కట్టిన తాడు కాండాన్ని కోసుకుపోకుండా సకాలంలో విప్పాలి.

తప్పును సరిదిద్దడం కష్టం

చెట్టు ఎంపికలో పొరపాటు వెంటనే బయటపడదు. పదేళ్లకు గాని గోడ పగలదు, గొట్టం పూడదు, కొమ్మ విరగదు. అప్పటికి తొలగించడమూ సులభం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అధికారుల అనుమతి అవసరం. అనుమతి దొరికినా పదేళ్ల నీడ పోతుంది. ఆ నీడ విలువ తక్కువేమీ కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం నీడలో ఉన్న నేల, గోడలు ఎండలో ఉన్నవాటి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లగా ఉండగలవు. బండి మీద కూరగాయలు అమ్మేవారికి, బస్సు కోసం నిలబడేవారికి మే నెల మధ్యాహ్నం ఆ తేడా ప్రాణాధారమే.

కాబట్టి చీటీ మీది జోన్ సంఖ్యను పారవేయనక్కరలేదు. చలి గురించి అది చెప్పే మాట నిజమే. దానిని చూసిన తరువాత నర్సరీవారిని మరో ఐదు ప్రశ్నలు అడగాలి. ఈ చెట్టు సొంత నేల ఏది? అక్కడ వాన ఎంత? పూర్తిగా ఎదిగితే ఎంత ఎత్తు, ఎంత వెడల్పు? ఏ నెలలో ఆకు రాలుస్తుంది? ఇదే వీధిలో ఇదే చెట్టు ఇప్పటికే ఎన్ని ఉన్నాయి? చివరి ప్రశ్నకు జవాబు నర్సరీలో దొరకదు. అందుకోసం నాటేవారు ఒకసారి తమ వీధి పొడవునా నడిచి చూడాలి.